జపనీస్ అల్లం డ్రెస్సింగ్: నెల్లూరు వంటింట్లో ఏది దొరుకుతుంది, ఏది మార్చాలి

అమెరికాలో జపనీస్ హోటల్‌కు వెళ్తే అసలు భోజనం రాకముందే చిన్న గిన్నెలో సలాడ్ తెచ్చి పెడతారు. అందులో పెద్దగా ఏమీ ఉండదు. నాలుగు లెట్యూస్ ఆకులు, రెండు క్యారెట్ తురుము పోగులు, ఒక టమాటా ముక్క. అయినా గిన్నె ఖాళీ అయిపోతుంది. కారణం ఆ ఆకుల మీద పోసిన నారింజ రంగు డ్రెస్సింగ్. అల్లం ఘాటు, పులుపు, కొంచెం తీపి, వెనకాల సోయాసాస్ ఉప్పదనం. చదువుకో ఉద్యోగానికో అక్కడికి వెళ్లిన నెల్లూరు, ఒంగోలు పిల్లల్లో కొందరికి ఈ రుచి బాగా పట్టేస్తుంది. సెలవులకు వచ్చినప్పుడు ఇంట్లో చేసుకుందామని రెసిపీ తీస్తే అందులో రైస్ వెనిగర్, సెలరీ, వేయించిన నువ్వుల నూనె అని ఉంటాయి. ట్రంకు రోడ్డులో నాలుగు షాపులు తిరిగినా మూడూ ఒకచోట దొరకడం కష్టం. అక్కడితో ప్రయత్నం ఆగిపోతుంది.

ఆగిపోనక్కర్లేదు. ఈ డ్రెస్సింగ్‌కు నిజంగా తప్పనిసరి అయినవి మూడే: పచ్చి అల్లం, మంచి పులుపు, సరైన సోయాసాస్. మిగతావన్నీ మార్చుకోవచ్చు. అయితే ఏది ఎందుకు వేస్తున్నారో తెలియకుండా మారిస్తే రుచి చెడుతుంది. ఇంట్లో ఉన్న వెనిగర్, ఇంట్లో ఉన్న నువ్వుల నూనె, నూడుల్స్ కోసం కొన్న నల్ల సోయాసాస్ కొలత చూసి పోసేస్తే నోట్లో పెట్టుకోలేని పదార్థం తయారవుతుంది. పేర్లు ఒకటే అయినా ఆ సీసాల్లో ఉన్న సరుకు వేరు.

ముందు ఇది ఎక్కడిదో చూద్దాం. పచ్చి ఆకుకూరల సలాడ్ జపాన్ పాత వంటలో భాగం కాదు, పాశ్చాత్య భోజనంతో పాటు అక్కడికి చేరింది. సలాడ్‌లో వేసుకునే మయొనైజ్ (గుడ్డు, నూనె గిలక్కొట్టి చేసే సాస్) జపాన్‌లో క్యూపీ బ్రాండ్ పేరుతో 1925లో వచ్చింది. సోయాసాస్, బియ్యపు వెనిగర్, నూనె కలిపిన పలచని డ్రెస్సింగ్‌ను జపాన్‌లో వాఫూ డ్రెస్సింగ్ అంటారు. పెద్ద ఇనుప పెనం మీద అతిథుల ముందే వండే టెప్పన్యాకి పద్ధతి 1945లో కోబే నగరంలో మిసోనో అనే హోటల్‌తో మొదలైంది. దాన్ని అమెరికాలో ఇంటింటికీ తెలిసేలా చేసింది 1964లో రాకీ అయోకి న్యూయార్క్‌లో తెరిచిన బెనిహానా హోటల్. క్యారెట్, అల్లం, ఉల్లి మెత్తగా తిప్పి చేసే ఈ చిక్కటి నారింజ రంగు రకం ముఖ్యంగా అమెరికాలోని అలాంటి జపనీస్ హోటళ్లలో స్థిరపడిన రుచి. టోక్యోలో ఏ ఇంట్లోనో సరిగ్గా ఇదే దొరుకుతుందని అనుకోకూడదు. అక్కడ దొరికిన సరుకులతో, అక్కడి వాళ్ల నాలుకకు తగ్గట్టు కుదిరిన వంట ఇది. ఇక్కడి సరుకులతో చేసుకోవడానికి ఎవరూ మొహమాటపడక్కర్లేదు.

అల్లం

తెలుగువాళ్లకు ఈ డ్రెస్సింగ్‌ను అర్థం చేసుకునే దగ్గరి దారి పెసరట్టులోకి చేసే అల్లం పచ్చడి. అల్లం ఘాటును చింతపండు పులుపు, బెల్లం తీపి, ఉప్పు మూడూ పట్టి నిలబెడతాయి. ఇక్కడా అదే లెక్క. చింతపండు చోట వెనిగర్, బెల్లం చోట పంచదారా క్యారెట్టూ, ఉప్పు చోట సోయాసాస్. అల్లం పచ్చడిలో ఏది తక్కువైందో నాలుకతో పసిగట్టగలిగిన మనిషికి ఈ డ్రెస్సింగ్ రుచి సరిచూడటం ఎవరూ నేర్పనక్కర్లేదు.

కానీ తేడా ఒకటుంది, చిన్నది కాదు. పచ్చడికి అల్లాన్ని నూనెలో వేయిస్తారు. దీనికి పచ్చిదే వేస్తారు. తాజా అల్లం ఘాటుకు కారణం జింజెరాల్ అనే పదార్థం. వేడి తగిలితే అందులో కొంత జింజెరోన్‌గా మారుతుంది, దాని ఘాటు తక్కువ, వాసనలో తీపిదనం ఎక్కువ. ఎండబెడితే షోగాల్‌గా మారుతుంది, అది జింజెరాల్ కంటే ఘాటు. శొంఠి గొంతులో మండేది అందుకే. కాబట్టి అల్లం లేదని శొంఠి పొడి వేయడం కుదరదు. ముందే నూరి ఫ్రిజ్‌లో పెట్టిన అల్లం వెల్లుల్లి పేస్టు అసలే వద్దు. అందులో తెల్లగడ్డ వాసన మొత్తాన్ని మింగేస్తుంది, సీసా పేస్టులో కలిపే ఉప్పు, నిల్వ పదార్థాలు రుచిని ఇంకో వైపు లాగుతాయి.

నెల్లూరు, ప్రకాశం జిల్లాలు అల్లం పండే నేలలు కావు. కూరగాయల మార్కెట్‌కు బయటి నుంచి వచ్చేదే కొనుక్కోవాలి. అందులో రెండు రకాలు కనిపిస్తాయి: తొక్క పలచగా, గోటితో గీరితే ఊడిపోయేది ఒకటి, తొక్క ముదిరి విరిస్తే పీచు వేలాడేది ఇంకొకటి. డ్రెస్సింగ్‌కు మొదటిదే కావాలి. ముదురు అల్లంలో ఘాటు ఎక్కువే ఉన్నా పీచు మిక్సీ బ్లేడుకు చుట్టుకుంటుంది, తినేటప్పుడు పళ్లలో ఇరుక్కుంటుంది. ముదురుదే దొరికితే పీచుకు అడ్డంగా పలచని బిళ్లలుగా కోయాలి. పొడుగ్గా కోస్తే పీచు పొడుగ్గానే మిగులుతుంది. ఇంత చిన్న విషయం చాలా రెసిపీల్లో రాయరు, కానీ చివరికి నోటికి తగిలేది ఇదే.

ఎర్రగడ్డ, క్యారెట్, సెలరీ

అమెరికాలో ఈ డ్రెస్సింగ్‌లో వేసే ఉల్లి ఎక్కువగా తీపి వైపు ఉండే రకం. మన ఎర్రగడ్డ ఘాటు వేరు. అదే కొలత పచ్చిగా వేస్తే అల్లం వెనక్కి పోయి ఎర్రగడ్డ ముందుకొస్తుంది. ఉల్లిని కోసినప్పుడు, నూరినప్పుడు కణాలు చితికి అందులోని ఎంజైము గంధక పదార్థాలను విడుదల చేస్తుంది. కళ్లు మండేదీ, నూరినకొద్దీ చేదెక్కేదీ అందువల్లే. దీనికి మందు తేలిక: సన్నగా తరిగి చల్లటి నీళ్లలో పది నిమిషాలు ఉంచి, పిండి తీసి, తర్వాతే వాడాలి. మిక్సీలో ఎక్కువసేపు తిప్పకూడదు.

క్యారెట్ రంగు, తీపి, చిక్కదనం ఇస్తుంది. ఊటీ క్యారెట్ అయినా, చలికాలంలో వచ్చే ఎర్ర క్యారెట్ అయినా సరే. ఎర్రది వేస్తే రంగు కాస్త ముదురుగా, తీపి ఎక్కువగా ఉంటుంది కాబట్టి పంచదార తగ్గించాలి. సెలరీ గురించి బెంగ అక్కర్లేదు. దాని పని కొంచెం పచ్చి వాసన, కొంచెం నీరు. గింజలు తీసిన కీరదోస ముక్క, నాలుగు కొత్తిమీర కాడలు వేస్తే సరిపోతుంది. కొత్తిమీర ఆకులు మాత్రం వద్దు, రంగు మురికిగా మారుతుంది.

పులుపు

పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడ. బియ్యపు వెనిగర్‌ను బియ్యం పులియబెట్టి ముందు మద్యంగా, తర్వాత ఎసిటిక్ ఆమ్లంగా మార్చి తయారుచేస్తారు. ఆమ్లం సుమారు 4 శాతం పైచిలుకు. అంకె చూస్తే కిరాణా షాపులో దొరికే తెల్ల వెనిగర్‌కు దీనికి తేడా లేనట్టే ఉంటుంది. కానీ ఆ తెల్ల సీసా లేబుల్ తిప్పి చూస్తే చాలావాటి మీద సింథటిక్ అని రాసి ఉంటుంది. అంటే ఎసిటిక్ ఆమ్లాన్ని నీళ్లలో కలిపినది. పులిసినప్పుడు పుట్టే మెత్తదనం, వాసన, సన్నటి తీపి అందులో ఉండవు. ముక్కుకు సూదిలా తగులుతుంది. అదే వాడాల్సి వస్తే 70 మిల్లీలీటర్ల చోట 50 పోసి, మిగతా 20 నీళ్లు పోసి, పంచదార ఒక చిటికెడు పెంచాలి. అప్పుడు కూడా రెండో తరగతి రుచే వస్తుంది.

దానికంటే మంచి దారి ఆపిల్ సైడర్ వెనిగర్. బరువు తగ్గడానికని చాలా ఇళ్లలో కొని ఒక మూలన పెట్టినదే. అది పులియబెట్టి చేసిన వెనిగర్, సాధారణంగా 5 శాతం ఆమ్లం ఉంటుంది. 60 మిల్లీలీటర్లకు 10 నీళ్లు కలిపితే బియ్యపు వెనిగర్ చోట చక్కగా ఒదుగుతుంది. పండు వాసన కొద్దిగా వచ్చినా అల్లం ముందు అది నిలవదు.

బియ్యంతో పులుపు అనగానే ఇక్కడి పెద్దవాళ్లకు గంజి పులియబెట్టిన తరవాణి గుర్తొస్తుంది. వరి పండే జిల్లాలో ఆ ఆలోచన రావడం సహజం. కానీ తరవాణి పులుపు లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుంది, పెరుగు పులుపుకు చుట్టం. బలం తక్కువ, వాసన వేరు, బతికున్న సూక్ష్మజీవులతో రోజురోజుకూ మారుతూ ఉంటుంది. తాగడానికి గొప్పది. పచ్చి కూరగాయలు నూరి నిల్వ పెట్టే డ్రెస్సింగ్‌కు పనికిరాదు.

మిగిలింది నిమ్మ. గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్లు ఇంత దగ్గర పెట్టుకుని సీసా పులుపు కోసం వెతకడమేమిటనే ప్రశ్న న్యాయమైనదే. జపాన్‌లోనూ యుజు, సుదాచి లాంటి నిమ్మజాతి పళ్ల రసాన్ని సోయాసాస్‌తో కలిపి పొంజు చేస్తారు. కాబట్టి సోయాసాస్, నిమ్మ కలయిక వాళ్లకు కొత్తది కాదు. ఎండాకాలంలో కాయ ధర కొండెక్కుతుంది, కాపు ముమ్మరంగా ఉన్నప్పుడు కోత కూలి కూడా గిట్టనంతగా పడిపోతుంది. అలాంటి రోజుల్లో ఇంట్లో నిమ్మ వాడకం పెంచే వంట ఏదైనా మంచిదే. అయితే నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం 5, 6 శాతం దాకా ఉంటుంది. వెనిగర్ కొలతకు సమానంగా పోస్తే పళ్లు పులుస్తాయి. 70 మిల్లీలీటర్ల వెనిగర్‌కు బదులు 45 మిల్లీలీటర్ల నిమ్మరసం, 25 నీళ్లు సరిపోతాయి. ఇంకో సంగతి, పిండిన నిమ్మరసం తాజాదనం ఒక్క రోజే. మర్నాటికి వాసన మారి, వెనక చేదు తగులుతుంది. ఆ పూటకు చేసుకునేదైతే పూర్తిగా నిమ్మతోనే చేయొచ్చు. నాలుగు రోజులు ఉంచుకోవాలంటే వెనిగర్‌తో చేసి, వడ్డించే ముందు గిన్నెలోకి అర చెంచా నిమ్మరసం పిండుకోవడం ఉత్తమం. రెండింటి మంచీ దక్కుతుంది.

సోయాసాస్

ఈ డ్రెస్సింగ్‌ను జపాన్ వైపు నిలబెట్టేది ఇదొక్కటే. మిగతావన్నీ సరిగ్గా పడి ఇది తప్పితే అది ఇంకేదో సలాడ్ అవుతుంది. జపనీస్ సోయాసాస్‌ను సోయాబీన్, గోధుమ దాదాపు సమానంగా తీసుకుని, కోజి అనే బూజు పట్టించి, ఉప్పునీళ్లలో నెలల తరబడి పులియబెట్టి తయారుచేస్తారు. ఆ పులియడంలో ప్రోటీన్లు విరిగి గ్లూటమేట్ పుడుతుంది. నోట్లో నిండుగా తగిలే ఆ రుచికి మూలం గ్లూటమేట్ అని 1908లో కికునాయె ఇకెడా కొంబు అనే సముద్రపు నాచులో కనిపెట్టారు. టమాటాలోనూ అదే ఉంటుంది. ఈ డ్రెస్సింగ్‌లో ఒక చెంచా టమాటా కెచప్ ఎందుకు వేస్తారో దీన్ని బట్టి అర్థమవుతుంది. రంగు కోసమని వేసినట్టు కనిపించినా అది సోయాసాస్‌కు తోడు నిలిచే పని చేస్తుంది.

ఫాస్ట్‌ఫుడ్ బండి మీద నూడుల్స్‌లో పోసే నల్లటి, చిక్కటి సాస్ వేరే సరుకు. అందులో కారమెల్ రంగు, పంచదార, చిక్కదనానికి పిండి ఉంటాయి. అది పోస్తే నారింజ రంగు పోయి బురద రంగు వస్తుంది, రుచి మొద్దుబారుతుంది. లేబుల్ మీద నీళ్లు, సోయాబీన్, గోధుమ, ఉప్పు అని మాత్రమే ఉన్న సీసా వెతకాలి. అది దొరక్కపోతే లైట్ సోయాసాస్ అని రాసింది తీసుకోవచ్చు. ఇందులో ఖర్చు తగ్గించుకోవడం మంచిది కాదు. సీసా ఒకటి కొంటే ఫ్రిజ్‌లో నెలల పాటు ఉంటుంది, ఒక్కోసారి వాడేది రెండు టేబుల్‌స్పూన్లు కూడా ఉండదు. గోధుమ పడని వాళ్లు, సోయా పడని వాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం ఈ డ్రెస్సింగ్ వాళ్లకు వడ్డించకూడదు.

ఉప్పు సంగతి కూడా చూడాలి. సోయాసాస్‌లో సుమారు 16 శాతం ఉప్పే. బీపీ ఉన్న వాళ్లు సలాడ్ కదా అని ధారాళంగా పోసుకుంటే ఉప్పు తెలియకుండా పెరుగుతుంది. కింద చెప్పిన కొలతకు ఒక మనిషికి రెండు టేబుల్‌స్పూన్లు వడ్డిస్తే సోయాసాస్ నుంచి వచ్చే ఉప్పు మూడో వంతు గ్రాము చుట్టూ ఉంటుంది. రోజుకు 5 గ్రాములు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కలో ఇది చిన్న వాటానే. విడిగా ఉప్పు వేయకపోతేనే ఈ లెక్క నిలుస్తుంది.

నూనెలు

అమెరికా హోటళ్ల రెసిపీల్లో శనక్కాయ నూనె కనిపిస్తుంది కాబట్టి అది ఇక్కడ అన్నిటికంటే తేలిక అనిపిస్తుంది. కానీ అక్కడ వాడేది వాసన లేని రిఫైన్డ్ నూనె. గానుగలో ఆడించిన శనక్కాయ నూనెకు సొంత వాసన బలంగా ఉంటుంది. ఆవకాయలోకి అది వరం, ఇందులోకి ఇబ్బంది. పైగా శనక్కాయ నూనె ఫ్రిజ్‌లో చిక్కబడి మసకబారుతుంది. పొద్దుతిరుగుడు నూనె అలా కాదు, చల్లగా ఉన్నా జారుతూనే ఉంటుంది. గానుగ నూనె తప్ప వేరేది వాడని ఇళ్లలో సగం అది, సగం పొద్దుతిరుగుడు కలుపుకుంటే వాసన అదుపులో ఉంటుంది.

నువ్వుల నూనె దగ్గర అసలు జాగ్రత్త కావాలి. జపాన్, చైనా వంటల్లో చివర్లో చుక్కలు వేసే నూనె బాగా వేయించిన నువ్వులతో తీసింది. ముదురు గోధుమ రంగు, ఘాటైన వాసన. మన నువ్వుల నూనె మామూలుగా పచ్చి నువ్వుల నుంచి తీసేదే, ఇంగువ పోపుకు, ఊరగాయకు సరిపోయేది. ఒకదాని చోట ఇంకొకటి పోస్తే కావాల్సిన వాసన రాదు. దానికి బదులు ఒక టేబుల్‌స్పూన్ నువ్వులు సన్నటి మంట మీద చిటపటలాడే దాకా వేయించి, చల్లార్చి, మిక్సీలో మిగతావాటితో తిప్పేస్తే ఆ వాసన నేరుగా వస్తుంది, డ్రెస్సింగ్ కూడా చిక్కబడుతుంది. సీసా కొనడం కంటే ఈ పద్ధతే మేలు.

కొలత, చేసే తీరు

350 మిల్లీలీటర్ల చుట్టూ వచ్చే కొలత ఇది: ఎర్రగడ్డ 60 గ్రాములు, క్యారెట్ 40, తొక్క తీసిన అల్లం 25 నుంచి 30, కీరదోస ముక్క ఒకటి, కొత్తిమీర కాడలు నాలుగు, బియ్యపు వెనిగర్ 70 మిల్లీలీటర్లు, సోయాసాస్ 25, నూనె 100, నీళ్లు 30, పంచదార రెండు టీస్పూన్లు, టమాటా కెచప్ ఒక టేబుల్‌స్పూన్, వేయించిన నువ్వులు ఒక టేబుల్‌స్పూన్, మిరియాల పొడి చిటికెడు. పచ్చిమిరపకాయ వేయాలన్న కోరిక ఈ ప్రాంతంలో ఎవరికైనా కలుగుతుంది. వేయకపోవడమే మంచిది. మిరప కారం నాలుక మీద నిలిచిపోతే అల్లం ఘాటు వచ్చి పోవడం తెలియదు.

నానబెట్టి పిండిన ఎర్రగడ్డ, క్యారెట్ ముక్కలు, అల్లం బిళ్లలు, కీరదోస, కొత్తిమీర కాడలు, నువ్వులు చట్నీ జార్‌లో వేసి, వెనిగర్, సోయాసాస్, నీళ్లు, కెచప్, పంచదార, మిరియాల పొడి కలపాలి. మిక్సీ నాబ్ ఎడమవైపు తిప్పుతూ ఆపుతూ, సన్నరవ్వంత పలుకు వచ్చేదాకా తిప్పాలి. ఆ తర్వాతే నూనె. ఒకేసారి పోస్తే పైన తేలిపోతుంది. నాలుగు విడతలుగా పోసి ప్రతిసారీ ఐదారు సెకన్లు తిప్పితే కలిసిపోతుంది. ఇందులో గుడ్డు లేదు, ఆవాల ముద్ద లేదు. నూనె చుక్కలను పట్టి ఉంచేది నూరిన క్యారెట్, ఉల్లి, అల్లంలోని సన్నటి పీచు, పెక్టిన్ అనే జిగురు. అందుకే కూరగాయలు బాగా నలగకముందు నూనె పోస్తే అది నిలవదు. అలాగని మిక్సీని ఆపకుండా తిప్పితే జార్ వేడెక్కుతుంది, గాలి పట్టి నురగ వస్తుంది, రంగు పాలిపోతుంది.

చేసిన వెంటనే రుచి చూసి నిర్ణయించకూడదు. అప్పుడు అన్నీ విడివిడిగా తగులుతాయి, ముఖ్యంగా వెనిగర్. రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉన్నాక రుచి కుదురుతుంది. అప్పుడు కూడా పులుపు ఎక్కువనిపిస్తే చిటికెడు పంచదార, చప్పగా ఉంటే కొన్ని చుక్కల సోయాసాస్ చాలు.

నిల్వ విషయంలో ఇక్కడి ఎండలను లెక్కలోకి తీసుకోవాలి. పచ్చి కూరగాయలు నూరి నూనెలో కలిపిన పదార్థం ఇది. దాన్ని కాపాడేది వెనిగర్ పులుపు, ఫ్రిజ్ చలి, ఈ రెండే. పులుపు ఇష్టం లేదని వెనిగర్ సగానికి తగ్గిస్తే అది రుచి మార్పుతో ఆగదు, నిల్వ గుణం కూడా పోతుంది. కడిగి పూర్తిగా ఆరబెట్టిన గాజు సీసాలో పోసి, ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపలి అరలో పెడితే నాలుగైదు రోజులు బాగుంటుంది. మూడో రోజు నుంచి ఎర్రగడ్డ వాసన పెరుగుతుంది కాబట్టి కొంచెం కొంచెం చేసుకోవడమే నయం. మే నెలలో కరెంటు పోయి ఫ్రిజ్ గంటల తరబడి ఆగిపోతే ఆ సీసా మీద ఆశ వదులుకోవాలి.

దేని మీద పోయాలి

ఐస్‌బర్గ్ లెట్యూస్ దొరక్కపోతే లోటు లేదు. సన్నగా తరిగి పావుగంట ఐస్ నీళ్లలో ఉంచి, గుడ్డతో తడి అద్దిన క్యాబేజీ ఈ డ్రెస్సింగ్‌కు లెట్యూస్ కంటే బాగా సరిపోతుంది. కీరదోస, ఉడికించిన శనక్కాయలు, మొలకెత్తిన పెసలు కూడా సరే. తడి పూర్తిగా తుడవకపోతే డ్రెస్సింగ్ ఆకులకు అంటుకోదు, గిన్నె అడుగుకు జారిపోతుంది. ముందే కలిపి ఉంచినా సోయాసాస్ ఉప్పుకు కూరగాయలు నీరు వదులుతాయి. తినబోయే ముందే పోయాలి. రెండు టేబుల్‌స్పూన్లకు నూనె నుంచే సుమారు 70 కేలరీలు వస్తాయి. డైట్ పేరుతో తినేవాళ్లు ఆ చెంచాలు లెక్కపెట్టుకోవాలి.

నెల్లూరులో దీనికి అసలైన జోడీ రొయ్యలు. ఉప్పు నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉడికించి, చల్లార్చి, క్యాబేజీ మీద పరిచి పైన ఈ డ్రెస్సింగ్ పోస్తే పూర్తి భోజనం అవుతుంది. పెనం మీద తక్కువ నూనెతో కాల్చిన వంజరం ముక్క పక్కన ఒక చెంచా పెట్టుకున్నా రుచిగా ఉంటుంది. మిగిలిన డ్రెస్సింగ్‌లో పచ్చి రొయ్యలు నానబెట్టి వేపుకోవచ్చు గానీ పావుగంట మించకూడదు. పచ్చి అల్లంలో ప్రోటీన్‌ను విరగ్గొట్టే జింజిబైన్ అనే ఎంజైము ఉంటుంది. ఎక్కువసేపు ఉంచితే రొయ్య మెత్తబడి పిండిలా అవుతుంది. పెరుగు కలిపి క్రీమ్ లాంటి డ్రెస్సింగ్ చేయాలనుకున్నా అదే జాగ్రత్త. పెరుగు ప్రోటీన్‌ను కూడా అది విరగ్గొట్టి కొన్ని గంటల్లో చేదెక్కిస్తుంది కాబట్టి ఆ పూటకు కావలసినంతే కలిపి, అప్పుడే తినేయాలి.